చెనక్కాయ చేలో దాక్కున్న మనిషి

నా చిన్నప్పుడు... ఆగు, ముందు నువ్వు సరిగ్గా కూర్చో అమ్మీ. అట్లా మంచం మీద వాలిపోయి వింటే కథ సగం దిండుకే పోతుంది. ఇటు తిరిగి, కాళ్ళు ముడుచుకుని కూర్చుని, నేను చెప్పింది చెప్పినట్టు ఆ సెల్లులో కొట్టుకో. నీ సొంత మాటలు కలిపావంటే నాకు తెలిసిపోతుంది.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో విత్తనానికి చెనక్కాయలు ఒలిచే రోజులొస్తే నాకు పండగ కంటే ఎక్కువ. మా ఊరు కురబలకోట పక్కన. మదనపల్లె బస్సు దిగి కొంచెం నడవాలి. అంతా వాన మీద ఆధారపడిన చేలే. చెనక్కాయలంటే నువ్వు పుస్తకాల్లో వేరుశనగ అని చదువుతావే, అవే. విత్తనం కాయల్ని మిషన్లో వేస్తే పప్పు చీలిపోతుంది, చీలిన పప్పు మొలవదు. ముందే ఒలిచి పెట్టుకుందామా అంటే పురుగు పడుతుంది. అందుకని మబ్బు కనపడే రోజుల్లోనే, కాయల మీద కాసిని నీళ్ళు చిలకరించుకుని, చేత్తోనే ఒలుచుకోవాలి. ఆ పని ఊరందరికీ ఒక్కసారే వస్తుంది. ఒలిచే ఆడవాళ్ళేమో కొద్దిమందే. వాన పడి నేల పదునైన నాటికి విత్తనం చేతిలో లేకపోతే ఆ యేటికి ఆ చేను బీడే. ఆ రోజుల్లో మా తాత ఒక కన్ను కొండ మీది మబ్బు వైపూ, ఇంకో కన్ను మా పంచలో కూర్చున్న ఆడవాళ్ళ వైపూ పెట్టుకుని తిరిగేవాడు.

ఆడవాళ్ళు మా ఇంటికే రావాలని ఏముంది? ఊరి మొదట్లో పెద్ద మిద్దె వాళ్ళింటికి ఒలవడానికి పోతే మధ్యాహ్నం కాఫీ, బొరుగులు ఇచ్చేవాళ్ళు. మా ఇంట్లో మజ్జిగే. అయినా సగం మంది మా పంచకే వచ్చేవాళ్ళు. ఎందుకంటే మా పంచలో నవల ఉండేది.

నవల తెచ్చేది మా పక్కింటి అక్క. పుంగనూరులో వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో ఉండి కుట్టు నేర్చుకుని వచ్చి, ఊళ్ళో అందరికీ రవికలు కుట్టేది. దారాలు, గుండీలు తేవడానికి మదనపల్లె పోయినప్పుడల్లా బస్టాండు దగ్గర పుస్తకాలు అద్దెకిచ్చే అంగడి నుంచి ఒక నవల సంచిలో వేసుకొచ్చేది. ఎట్లాంటి నవలలనుకున్నావు? అట్ట మీద ఒక కత్తి, ఆ కత్తిలో ఒక కన్ను, వెనకాల జుట్టు విరబోసుకున్న ఒక అమ్మాయి. లోపల చూస్తే ఆ కత్తీ ఉండదు, ఆ అమ్మాయీ ఉండదు. డిటెక్టివు మాత్రం ఉంటాడు. ఆయన ఎప్పుడు అన్నం తింటాడో, ఎప్పుడు పడుకుంటాడో ఎవరూ రాయరు గానీ సిగరెట్టు వెలిగించడం మాత్రం తిప్పిన ప్రతి పేజీలో రాస్తారు. ఆయన పక్కన ఒక అసిస్టెంటు. మనం అడగాలనుకున్న ప్రశ్నలన్నీ మన బదులు తానడిగి చీవాట్లు తింటాడు. నాకు ఆ అసిస్టెంటంటే మహా ఇష్టం. ఇప్పటికీ అంతే.

సంసారాల నవలలు కూడా తెచ్చేది అక్క. కారు దిగే హీరో, కిటికీ దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకునే హీరోయిను. అవి చదివితే ఆడవాళ్ళు కళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకుని చేతులు ఆపేసేవాళ్ళు, మా తాతకు గిట్టేది కాదు. హత్యల నవలైతే చేతులు చకచకా ఆడేవి. "సంపేదే సదవండమ్మా, ఏడ్సేది వద్దు" అని తాతే వచ్చి చెప్పేవాడు.

అక్కకు ఒక పద్ధతి ఉంది. పుస్తకం రాగానే అందరి ఎదుటా కూర్చుని, చివరి అధ్యాయం కాగితాలన్నీ ఒక్కటిగా పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, సూదీ నల్లదారంతో అంచులు కలిపి కుట్టేసేది. ఆఖరి మూట ఒలవడం అయ్యాకే ఆ దారం తెంచేది. అప్పటిదాకా ఎవరూ తొంగి చూడకూడదు, అక్కతో సహా. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు అంగడాయన బెజ్జాలు చూసి గొణిగితే, "పురుగు కొట్టిందేమోన్నా" అని వచ్చేసేదట. పెద్ద మిద్దె వాళ్ళ కాఫీ ఎంత వేడిగా ఉన్నా ఆ నల్లదారాన్ని గెలవలేకపోయేది.

నేను చెప్పే యేడు ఊళ్ళో పెళ్ళిళ్ళు ఎక్కువ పడ్డాయి. అక్క తన కుట్టు మిషన్ మా పంచ చివరికే తెచ్చిపెట్టుకుంది గానీ, కుడుతూ చదవలేదు కదా. పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకు బడి సెలవులు. అంతమంది పెద్దవాళ్ళ మధ్యన నన్ను కూర్చోబెట్టి చదవమంటే, నా కాళ్ళు నేల మీద నిలుస్తాయా? గొంతు సవరించుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు గడగడా మొదలుపెట్టాను. హత్య అయిపోయింది, పోలీసులొచ్చేశారు, నేను ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. తలెత్తి చూస్తే ఒకామె ఆవులిస్తోంది. కుప్పం అత్త ఒళ్ళో పొట్టు దులుపుకుంటోంది. కుప్పం నుంచి కోడలుగా వచ్చింది కాబట్టి ఊరంతా ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళు. నోరు పెద్దది, చేయి ఇంకా వేగం. ఆమె ఏ ఇంటికి పోతే నలుగురు ఆ ఇంటికే పోయేవాళ్ళు.

"ఏమ్మే, ఇది హత్యనా, ఎక్కాలా? నేను పోతాండా. పెద్ద మిద్దెలో కాఫీ కలిపే టైమైంది."

ఇంకో ఇద్దరు కూడా లేవబోయారు. తాత స్తంభం పక్కన నిలబడి అంతా విన్నాడు. మబ్బు వైపు చూశాడు. అది తిట్టుకన్నా ఎక్కువైంది నాకు. పంచ గోడ వెంబడి విప్పని మూటలు బారుగా ఉన్నాయి.

అప్పుడు సదుం అవ్వ నన్ను పక్కకు లాక్కుంది. మా బంధువు కాదు. ఎప్పుడో సదుం నుంచి కాపురానికొచ్చి, మా ఇంట్లో పనికి ఏళ్ళ తరబడి వచ్చేది. నోట్లో ఒక పక్కన ఎప్పుడూ వక్కాకు. ఒక్క అక్షరం రాదు.

"నువ్వు ముందే తెల్సినట్ల సదవతాండావు బిడ్డా. తెలీనట్ల సదువు. ఆ తలుపు తీస్తే లోపల ఎవురుండారో నీకు మాత్రం తెల్సా?"

తెలియనట్టు చదవడం. నాకది వింతగా అనిపించింది, కానీ నిజమే, నాకు మాత్రం ఏం తెలుసు? తలుపు దగ్గరకు వచ్చినప్పుడు ఆగాను. డిటెక్టివు చెయ్యి గడియ మీద పెట్టాడు అని చదివి, నేనూ లోపలికి చూస్తున్నట్టు మెడ చాచాను. కుప్పం అత్త మెట్టు దిగబోయినది మెట్టు మీదే కూర్చుంది. "ఈ తలుపు తీసేదాకా ఉంటాలే" అంది. ఆ తలుపు తీస్తే ఇంకో తలుపు. ఆమె ఆ పూట పోలేదు.

కథ ఇది. ఊరి బయట ఒక బంగళా. అందులో ఒక పెద్దాయన, తన గదిలోనే చంపబడి ఉంటాడు. ఇంట్లో ఉన్నది ఒక మేనేజరు, ఒక వంటవాడు. వంటవాడికి జబ్బు చేసిన కూతురు. ఆ పిల్ల మందు కోసం అడ్వాన్సు అడిగితే పెద్దాయన కసిరి ఉంటాడు, అందుకని పోలీసులకు వంటవాడి మీదే అనుమానం. మా పంచలో వాళ్ళందరికీ మాత్రం వంటవాడంటే జాలి. ఇంక డిటెక్టివు మేనేజర్ని అడుగుతాడు, నువ్వేం చూశావని. మేనేజరు చెబుతాడు, ఆ సాయంత్రం కిటికీలోంచి చూస్తుంటే వంటవాడు పరిగెత్తుకుంటూ పోయాడనీ, తాను కేకేసేసరికి, పచ్చటి పూలతో నిండిన వేరుశనగ చేలో నిలబడి దాక్కున్నాడనీ, ఇంక మనిషి కనపడలేదనీ.

నేను చదివేసి ముందుకు పోతున్నాను. సదుం అవ్వ చెయ్యెత్తింది.

"ఆగు. ఇంగోసారి సదువు."

చదివాను.

"నిలబడుకోని దాంకున్న్యాడా?"

"అవునవ్వా, అట్లే రాసుండాది."

"చెనక్కాయ చెట్లల్లోనా?"

"అవును."

మా పంచ నవ్వుతో పగిలిపోయింది. అక్క మిషన్ ఆపేసి మరీ నవ్వింది. నువ్వు చెనక్కాయ చేను చూశావు కదా అమ్మీ, ఎంత ఎత్తుంటుంది? మోకాలికి రాదు.

"దాంట్లో కుందేలు దాంకుంటేనే చెవులు కనపడతాయి గదమ్మే" అంది ఒకామె.

"రాసినాయప్ప పట్నమాయప్ప" అంది కుప్పం అత్త. "చెనక్కాయలు మామిడికాయల మాదిరి కొమ్మలకు యాలాడతాయనుకోనుంటాడు."

సదుం అవ్వ మాత్రం నవ్వలేదు. చేతిలో కాయ అట్లాగే పట్టుకుని ఉంది.

"రాసినాయప్ప సంగతి నాకు తెల్దు. ఈ మాట సెప్పింది మేనేజరు గదా? వాడు అబద్దం సెప్తాండాడు. సూడంది సూసినానంటాండాడు. యాల సెప్తాడు? వాడే సంపినాడు గాబట్టి."

నాకు ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు చెబుతుంటే కూడా చూడు, చేతి మీద వెంట్రుకలు లేచాయి. నేను అంతవరకు పుస్తకంలో అచ్చుపడ్డ మాటను అబద్ధం అనుకోవచ్చని ఎరగను. అచ్చు అంటే మాకు దేవుడి మాటతో సమానం. ఆ అవ్వ, అక్షరం రాని మనిషి, పుస్తకం లోపలికి చెయ్యి పెట్టి మేనేజరు గొంతు పట్టుకుంది.

ఆ రోజు నుంచి మా పంచ రెండుగా చీలిపోయింది. కుప్పం అత్త వైపు వాళ్ళేమో తప్పు రాసినాయనది అంటారు. సదుం అవ్వ వైపు వాళ్ళు తప్పు మేనేజరుది అంటారు. కుప్పం అత్త ఊరుకుంటుందా? "చేలో కంది సాలు ఉండొచ్చు గదా, దాని ఎనకాల నిలబడుకోనుంటాడు" అంది. చెనక్కాయ చేలో మధ్యమధ్యన కంది వేస్తాం, అది మనిషి ఎత్తు పెరుగుతుంది, నిజమే. అందరూ సదుం అవ్వ వైపు తిరిగారు. అవ్వ వక్కాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. "చెనక్కాయ పూత మీదుంటే కంది జానెడు గూడా ల్యాదు. రెండూ ఒగే వానకు ఏసేది గదమ్మే. నువ్వు కుప్పంలో సేద్యం సేసినావా, సినిమాలు సూసినావా?" మళ్ళీ నవ్వులు. కుప్పం అత్త కూడా నవ్వింది, కానీ ఒప్పుకోలేదు.

ఈ గొడవ ఎట్లా పాకిందో ఏమో, మర్నాటికి పెద్ద మిద్దెలో ఒలిచేవాళ్ళు కూడా వచ్చి మా పంచలో కూర్చున్నారు. "కాఫీ ఆడ తాగినాంలే, ఆ మేనేజరు ఇయ్యాల ఏమన్న్యాడో సదువు పాపా" అని. వాదం పెరిగేకొద్దీ చేతుల వేగం పెరిగింది. మా తాత ఆ సంతోషంలో బొరుగులు తెప్పించాడు.

ఇంక ఒకే ఒక్క మూట మిగిలింది. ఆ రోజు మధ్యాహ్నానికి గాలి తిరిగింది. పడమటి నుంచి తడిమట్టి వాసన వచ్చింది. ఎక్కడో పడుతోంది, మా వైపు వస్తోంది. పెద్ద మిద్దె వాళ్ళకీ ఆ వాసన తగిలింది కాబట్టి, వెంటనే రమ్మని మనిషిని పంపారు. కుప్పం అత్త లేచి నిలబడి అక్కతో అంది, "దారం తెంచు మే. మళ్ళ వచ్చేదెప్పుడో ఏమో. హంతకుడు ఎవురో సెప్పేస్తే మేం పోతాం." అక్క మూట వైపు చూసింది. "ఇంగా ఇది ఉండాది గదత్తా" అంది. "తెంచకపోయినా పోతాం" అన్నారు వాళ్ళు. తాత ఇంకేం చేస్తాడు, తెంచమని అక్కకు తల ఊపాడు. ఆ మూటలోది కొండ కింద చేనుకు విత్తనం. ఉన్నవాటిలో మంచి చేను అదే.

అక్క పళ్ళతో దారం కొరికింది. నేను చదివాను. డిటెక్టివు అందర్నీ హాల్లో పోగుచేశాడు. ఇప్పటి నవలల్లో కూడా అంతే, ఎప్పుడూ హాల్లోనే పోగుచేస్తారు, వంటింట్లో చేస్తే ఏం పోతుందో. సిగరెట్టు వెలిగించాడు. చేయి చాచాడు. వంటవాడి వైపు. రుజువేమిటంటే, మేనేజరు కిటికీలోంచి చూసిందే. బేడీలు వేసి తీసుకుపోయారు. వేరుశనగ చేను ఊసు మళ్ళీ రాలేదు. కింద సమాప్తం అని ఉంది.

నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. కుప్పం అత్తే ముందు తేరుకుంది.

"నేను సెప్పలా? పట్నమాయప్పకు చెనక్కాయ తెల్దు, అంతే. కథ అయిపాయ. లెయ్యండి."

ఆడవాళ్ళు ఒళ్ళు దులుపుకున్నారు. పొట్టు గాలికి ఎగిరింది. తాత మూట నోరు మళ్ళీ కట్టడానికి వంగాడు. నాకు ఏడుపు వస్తోంది, వంటవాడి కోసమో మూట కోసమో తెలియడం లేదు.

సదుం అవ్వ లేవలేదు. తాత చేతి కింద నుంచి మూటలో చెయ్యి పెట్టి ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళో పోసుకుంది.

"యాడికి పోతాండారు? వంటాయప్పను జైల్లో పెట్టి మీరు ఇండ్లకు పోయి సంగటి తింటారా?"

"కథ గదవ్వా" అంది ఎవరో.

"కథే. ఆ సిగరెట్టోడు నమ్మేసినాడు, రాసినాయప్ప గూడా నమ్మేసినాడు. మనం గూడా నమ్మల్లనా? బిడ్డా, మొదటికి తిప్పు. ఆ మేనేజరు నోరు తెరిసిన కాడల్లా సదువు. మిగిల్నోళ్ళు వద్దు."

నేను తిప్పాను. మొదటి అధ్యాయంలో మేనేజరు ఏడ్చాడు. అది చదివాను. రెండో అధ్యాయంలో పోలీసులతో ఏమన్నాడో చదివాను. హత్య జరిగిన రోజు మధ్యాహ్నం నుంచే జ్వరం వచ్చి, దుప్పటి కప్పుకుని, కళ్ళు తెరవలేక పడి ఉన్నానన్నాడు. మొదటిసారి కూడా మేమంతా అది విన్నాం, అప్పుడు ఎవరికీ పట్టలేదు.

నిలబడి ఉన్న కుప్పం అత్త మెల్లగా కూర్చుంది. మూట తన వైపు లాక్కుంది.

"ఒరే దొంగనాయాలా. జొరమొచ్చి కండ్లు తెరవలేనోనికి చేలో పూలు కనపడినాయంట. సదువు పాపా, సదువు, ఇంగేమేం కూసినాడో."

ఇంక చూడు. అంతవరకు తప్పు రాసినాయనది అన్న మనిషి అందరికంటే గట్టి వకీలైపోయింది. జ్వరానికి మందు ఎవరిచ్చారు, సీసా ఏదీ, వంటవాడు గంజి కాచి ఇచ్చాడా, ఇస్తే గిన్నె ఎక్కడ? పెద్ద మిద్దె నుంచి వచ్చిన మనిషి కూడా స్తంభానికి ఆనుకుని వింటూ, పిలవడానికి వచ్చిన సంగతి మరిచిపోయాడు. అక్క మిషన్ వదిలి వచ్చి కూర్చుంది. తాత కూడా ఒక చాట ముందు పెట్టుకుని ఒలవడం మొదలుపెట్టాడు, మేనేజరును తిట్టడం కూడా. నేను ఒక్కొక్క మాటా చదువుతున్నాను, వాళ్ళు ఒక్కొక్క మాటా పగలగొట్టి చూస్తున్నారు. వాకిట్లో బండ మీద మొదటి చినుకులు పడేసరికి మూట అడుగు కనిపించింది.

తీర్పు కుప్పం అత్తే చెప్పింది. అక్క పెన్సిల్ తీసుకుని, సమాప్తం కింద, సన్నటి అక్షరాలతో రాసింది, చంపింది మేనేజరు, వంటవాణ్ణి వదిలెయ్యండి అని. అందరూ రాసినట్టే కదా అది. ఆ పుస్తకం తర్వాత ఎంతమంది చేతుల్లోకి పోయిందో, ఆ రాత చూసి ఎంతమంది మళ్ళీ మొదటికి తిప్పారో. తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

కొండ కింద చేను ఆ పదునులోనే విత్తారు. తర్వాత కలుపు తీసే రోజుల్లో సదుం అవ్వను అడిగాను, నువ్వు ఆ రోజు వంటవాడి కోసం కూర్చున్నావా, మా తాత మూట కోసం కూర్చున్నావా అని. చేలో పూలు పూసి ఉన్నాయి, ఆమె వంగితేనే వీపు పైకి కనపడుతోంది.

"మూట ఉండబట్టి గదా కూసున్న్యాము" అంది. "కూసోబట్టి గదా వాడు బయటపడినాడు." కొడవలి తీసుకుని ముందు సాలుకు పోయింది.

పెళ్ళయి పుంగనూరు వచ్చాక నేను ఎన్ని నవలలు చదివానో. పాలు పొంగించాను, పప్పు మాడ్చాను, మీ తాత చేత మాటలు పడ్డాను. నిమ్మకాయలూ పుర్రెలూ ఉండే మంత్రగాళ్ళ నవలలు చదివి పట్టపగలు పెరట్లోకి పోవడానికి భయపడ్డాను. సంసారాల నవలల్లో హీరో మొదటి పేజీలో కసిరితే చివరి పేజీలో కాళ్ళ మీద పడతాడని కనిపెట్టేశాను. అయినా హత్య నవల చేతికొస్తే నాకు వచ్చే హుషారు వేరు. డిటెక్టివు ఎవరి వైపు వేలు చూపితే ఆ వేలు చూడను. ఎవరు చూడనిది చూశామన్నారో, ఎవరి చేను ఎంత ఎత్తుందో చూస్తాను. పుస్తకం అయిపోగానే మూయను, మొదటికి తిప్పుతాను. చివరి పేజీ రాసినవాళ్ళది అమ్మీ, వాళ్ళ కష్టం వాళ్ళది. కానీ బేడీలు పడ్డ మనిషి మన కళ్ళ ముందే పోతుంటే, మనకు తెలిసింది మనం చెప్పకుండా ఊరుకోవడం నాకు ఆ రోజు నుంచీ చేత కావడం లేదు.

నువ్వు నిన్న సెల్లులో చదివి వినిపించావే, ఆ హోటల్లో హత్య. ఆఖర్న డాక్టర్ని పట్టుకున్నారు. నా మనసు ఒప్పుకోలేదు. ఆ మేడ మీదావిడ ఏమందో గుర్తుందా? మెట్లు దిగుతుంటే కింద నుంచి ఉప్మా తిరగమోత వాసన వచ్చిందంది. హోటల్లో గ్యాసు అయిపోయి పొద్దుటి నుంచీ పొయ్యి వెలగలేదని అంతకు ముందే రాశారు కదా. ఇంక ఆ వాసన ఎక్కడిది? డాక్టరు కాదు. రాసుకో, గట్టిగా రాసుకో. ఆ హోటల్లో చంపింది...

"అత్తా, సంగటి సల్లారిపోతాండాది. ఎంతసేపు పిలవల్ల? ముద్ద గట్టిపడితే మళ్ళ నన్నే అంటావు."

"వస్తాండా, వస్తాండానమ్మా. అమ్మీ, మీ అమ్మ పిలస్తాండాది, లేసి చెయ్యి కడుక్కో పా. అదే, నేను సెప్పేది ఏమంటే, ఆ డాక్టరు పాపం ఏం తెలీనోడు, సంపింది ఆ..."